ఋషికుల్య ఒడ్డున తాబేళ్లను లెక్కపెట్టిన కుర్రాళ్లు: ఒక నేపథ్యం

ఒడిశాలోని గంజాం జిల్లాలో చలికాలం వచ్చిందంటే స్కూళ్లలో, కాలేజీల్లో పర్యావరణ శిబిరాల హడావిడి మొదలవుతుంది. యువ పర్యావరణ నాయకులను తయారు చేస్తామంటూ పోస్టర్లు పడతాయి. చివర్లో ఎంతమంది పిల్లలు శిక్షణ పొందారో రిపోర్టులో రాస్తారు. ఆ పిల్లలను రాత్రిపూట సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లిందెవరో, టార్చి వెయ్యొద్దని ఆపిందెవరో, తాబేలు గుడ్లు పెట్టేదాకా వెనక కూర్చోవాలని నేర్పిందెవరో మాత్రం ఆ రిపోర్టుల్లో దొరకదు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే తీరంలో అలా పనిచేసినవాళ్లలో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాల కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లు ఈ పనిలోకి ఎలా వచ్చారు, ఇన్నేళ్లయినా ఎందుకు తాత్కాలిక మనుషులుగానే మిగిలారు అన్నది అర్థం కావాలంటే యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు ఊళ్ల సంగతి. గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజు ఒడిశా రాష్ట్రం ఏర్పడి సరిహద్దు కిందికి జరిగింది, సముద్రం ఒడ్డున తెలుగువాళ్లు ఉన్నచోటే ఉన్నారు. రామయ్యపట్నం, గోపాల్‌పూర్, ఆర్జిపల్లి, పొదంపేట లాంటి చోట్ల ఇప్పటికీ వలలు బాగుచేసుకుంటూ మాట్లాడేది తెలుగే. ఒడియా వాళ్లు వీళ్లను నోలియాలు అంటారు. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తాబేలు వీళ్లకు కొత్త కాదు. దక్షిణాన శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలో పూజలందుకుంటాడు. వలలో తాబేలు పడితే దండం పెట్టి నీళ్లలో వదిలేసే పెద్దలు ఈ తీరమంతా ఉన్నారు. అందుకే తాబేలును కాపాడాలని మత్స్యకారులకు బయటివాళ్లు వచ్చి నేర్పారని ఎవరైనా రాస్తే నాకు బాధ కలుగుతుంది.

శాస్త్రవేత్తల లెక్క ప్రకారం ఒడిశా తాబేళ్ల కథ 1974లో మొదలైంది. మొసళ్ల పని మీద వచ్చిన హెచ్.ఆర్. బస్టర్డ్, ఉత్తరాన గహీర్‌మఠ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలాదిగా ఒకేసారి గుడ్లు పెడుతున్నాయని ప్రపంచానికి చెప్పాడు. అప్పటికి వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చి రెండేళ్లే. అప్పట్లో ఒడిశా తీరం నుంచి తాబేళ్లను పట్టి కలకత్తా మార్కెట్లకు పంపేవారు. ప్రభుత్వం చట్టంతో, కాపలాతో దీన్ని ఎదుర్కొంది. 1997లో గహీర్‌మఠను సముద్ర అభయారణ్యంగా ప్రకటించింది. ఈ కథలో అధికారులున్నారు, శాస్త్రవేత్తలున్నారు. ఊరి యువకులు ఇంకా రాలేదు.

వాళ్లు వచ్చిన దారి మద్రాసు నుంచి మొదలవుతుంది. 1970లలో సతీష్ భాస్కర్, మద్రాసు స్నేక్ పార్క్ మిత్రులు కలిసి రాత్రుళ్లు బీచ్ వెంట నడిచి తాబేలు గూళ్లు వెతకడం మొదలుపెట్టారు. 1988లో కొందరు విద్యార్థులు ఆ పనికి ఒక వేదిక కట్టుకున్నారు. అదే స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్. జీతాలు లేవు. రాత్రంతా నడవడం, కుక్కల పాలు కాకముందే గుడ్లు తీసి హేచరీలో, అంటే కంచె కట్టి కాపాడే ఇసుకలో, పాతిపెట్టడం, పిల్లలు బయటికి రాగానే సముద్రంలో వదలడం. మనదేశంలో యువత నడిపిన పర్యావరణ కార్యక్రమాల్లో దీన్ని నేను ముందు వరసలో పెడతాను. ఇందులో నేర్చుకున్నవాళ్లు నడక మానేశాక కూడా ఆ పనిని వదల్లేదు. అలా ఆ విద్యార్థి బృందంలో పెరిగినవాళ్లలో కార్తీక్ శంకర్ ఒకరు. ఆయన తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో శాస్త్రవేత్త అయ్యారు, 2008లో మొదలైన దక్షిణ్ ఫౌండేషన్ స్థాపకుల్లో ఒకరు. ఆ రెండు సంస్థలే ఋషికుల్యలో ఏళ్ల తరబడి తాబేళ్ల లెక్క తీస్తున్నాయి. మద్రాసు కాలేజీ పిల్లల నడక గంజాం దాకా వచ్చింది ఈ దారినే.

అంతకుముందే 1994లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాకు చెందిన బివాష్ పాండవ్, నది సముద్రంలో కలిసే ఋషికుల్య మొగ దగ్గర కూడా తాబేళ్లు సామూహికంగా గుడ్లు పెడుతున్నాయని తేల్చి చెప్పారు. ఊళ్లవాళ్లకు ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసు. శాస్త్రం పుస్తకంలోకి ఎక్కింది అప్పుడు. గహీర్‌మఠకూ ఋషికుల్యకూ తేడా ఉంది. గహీర్‌మఠ ఊళ్లకు దూరం, అభయారణ్యం. ఋషికుల్య ఒడ్డు ఊళ్లను ఆనుకునే ఉంటుంది, అభయారణ్యం కాదు. ఒకవైపు వలలు ఆరేసుకుంటారు, మరోవైపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇక్కడ ఊరి మనుషులు లేకుండా ఏ కాపలా నిలబడదు. పరిశోధకులకు సాయంగా వెళ్లిన చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే తర్వాత ఋషికుల్య సముద్ర తాబేళ్ల రక్షణ కమిటీగా ఏర్పడ్డారు. పురుణబంధ ఊరు దానికి కేంద్రం. దాని కార్యదర్శి రవీంద్రనాథ్ సాహూ పేరు ఒడిశా పత్రికల్లో ఏటా కనిపిస్తుంది. ఆయన వెనక పనిచేసిన కుర్రాళ్ల పేర్లు ఎప్పుడో గానీ కనిపించవు.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పాలి. శిబిరాల్లో చెప్పే నాయకత్వం మాటలు వినేవాళ్లకు ఇది తెలియదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో దక్షిణపు గాలి మొదలయ్యాక ఒక రాత్రి తాబేళ్లు ఎక్కడం మొదలవుతుంది. అది కొన్ని రాత్రుల పాటు సాగుతుంది. లక్షల్లో వచ్చే వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. అందుకని నీటి అంచు నుంచి పైకి, ఒడ్డుకు అడ్డంగా కొలిచి పట్టీలు గుర్తుపెడతారు. రాత్రంతా రెండేసి గంటలకొకసారి ఆ పట్టీల వెంట నడుస్తూ, గుడ్లు పెడుతున్న ఆడ తాబేళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. ఎక్కుతున్నవి, గొయ్యి తవ్వుతున్నవి, తిరిగి వెళ్తున్నవి లెక్కలోకి రావు. చీకట్లో ఈ తేడా పట్టాలంటే కళ్లకు అలవాటు ఉండాలి. తర్వాత ఒడ్డు విస్తీర్ణం, గుడ్లు పెట్టడానికి పట్టే సగటు సమయం, మొత్తం ఎన్ని గంటలు సాగిందన్నది కలిపి శాస్త్రవేత్తలు మొత్తం సంఖ్య తేలుస్తారు. పట్టీ మీద నడిచిన కుర్రాడు తప్పు రాస్తే ఆ తప్పు అంతర్జాతీయ పత్రికలో అచ్చయ్యే సంఖ్యలోకీ వెళ్తుంది.

అక్కడితో అయిపోదు. ఒక్కో గూట్లో వందకు పైగా గుడ్లు, పొదగడానికి సుమారు 45 నుంచి 60 రోజులు. ఆ రోజుల్లో నక్కలను, కుక్కలను, అడవి పందులను తరమాలి. ఇసుక వేడి కొలవాలి, ఎందుకంటే ఇసుక వేడెక్కేకొద్దీ పుట్టేవాటిలో ఆడవి ఎక్కువవుతాయి. పిల్లలు బయటికొచ్చే రాత్రి వాటికి వెలుతురు ఎటుంటే అటు పోయే అలవాటు. ఊళ్లో వీధిలైట్లు, రోడ్డు మీద లైట్లు ఉంటే సముద్రం వదిలి అటు నడిచి చస్తాయి. కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి లైట్లు ఆర్పమని అడుగుతారు, దారితప్పిన పిల్లలను బకెట్లలో ఏరి నీళ్ల దగ్గర వదులుతారు. నాయకత్వం అంటే నా దృష్టిలో ఇదే. పక్కింటివాళ్లను ఒప్పించి వాళ్ల ఇంటి లైటు ఆర్పించడం ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ నేర్పని విద్య.

ఇక ప్రభుత్వ పథకాల దారి వేరు. 1969లో జాతీయ సేవా పథకం, 1986లో జాతీయ పర్యావరణ అవగాహన ప్రచారం వచ్చాయి. 1991 నవంబరులో న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో పర్యావరణ విద్య తప్పనిసరి అని సుప్రీంకోర్టు చెప్పింది. 2001-02లో నేషనల్ గ్రీన్ కోర్ పేరుతో స్కూళ్లలో ఎకో క్లబ్బులు మొదలయ్యాయి. ఒక్కో క్లబ్బుకు ఏడాదికి కేంద్రం ఇచ్చింది కొద్దిపాటి డబ్బే. దాంతో మొక్కలు కొనాలి, బ్యానరు కట్టాలి, పిల్లలను ఎక్కడికైనా తీసుకెళ్లాలి. ఇన్‌ఛార్జి టీచరుకు దీనికంటూ అదనంగా ఏమీ లేదు. అయినా ఆదివారాలు వదులుకుని పిల్లలను బీచ్‌కు తీసుకెళ్లే టీచర్లు ఉన్నారు. ఈ పథకాన్ని బతికించింది వాళ్లే. పుస్తకాలూ కరపత్రాలూ ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తాయి. మత్స్యకార వాడల్లో చిన్న పిల్లలకు విషయం ఎక్కాలంటే మధ్యలో ఒక మనిషి కూర్చుని తెలుగులో చెప్పాలి. అలా చెప్పేది సాధారణంగా ఊరి కుర్రాడే. రిపోర్టులో అతను వాలంటీరు.

అసలు టెన్షన్ అంతా చేపల వేట నిషేధం దగ్గర వస్తుంది. 1982 నాటి ఒడిశా సముద్ర మత్స్య చట్టం కింద ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల వరకు వేట మీద ఆంక్షలున్నాయి. తాబేళ్లను ఎక్కువగా చంపేది పెద్ద ట్రాలర్ల వలలు. దెబ్బ మాత్రం చిన్న పడవల వాళ్లకూ తగులుతుంది. ఏడు నెలల ఆంక్షలు, పైగా వానాకాలపు తుఫాన్లు. ఒకే ఇంట్లో అన్న నిషేధం దాటాడని పడవ పట్టుబడి జరిమానా కట్టుకోవచ్చు, తమ్ముడు తాబేళ్ల కమిటీ తరఫున రాత్రి కాపలాకు వెళ్లొచ్చు. "నువ్వు ఎవరి పక్షంరా?" అని తండ్రి అడిగితే ఆ తమ్ముడు ఏం చెప్పాలి? పర్యావరణ శిక్షణ ఇచ్చేవాళ్లు ఈ ప్రశ్నకు పిల్లలను సిద్ధం చెయ్యరు. 2004లో మత్స్యకార సంఘాలు, పరిరక్షకులు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒరిస్సా మెరైన్ రిసోర్సెస్ కన్జర్వేషన్ కన్సార్షియం పెట్టుకున్నది ఈ గాయం మాన్పడానికే. తాబేలును చంపేదెవరో తేడా చూడాలి, మొత్తం మత్స్యకారులను దొంగలుగా చూడొద్దు అన్న మాట గట్టిగా వినిపించింది అక్కడే. నా అభిప్రాయంలో ఈ తీరంలో యువతకు నేర్పాల్సిన మొదటి పాఠం కూడా అదే.

ఆడవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాత్రి కాపలా అంటే మగపిల్లల పనే అన్నట్టు సాగింది. కానీ చేపలు అమ్మే ఆడవాళ్లు గంజాం తీరంలో సముద్రం అనే సమాఖ్యగా ఏర్పడ్డారు. యునైటెడ్ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లకు అండగా నిలిచింది. దళారుల అప్పుల నుంచి బయటపడటంతో పాటు తాబేళ్ల రక్షణను కూడా తమ పనిలో కలుపుకున్న ఈ సమాఖ్యకు 2010లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఇప్పుడు పెట్టే నాయకత్వ శిబిరాల్లో ఆ తల్లుల కూతుళ్లను ముందు వరసలో కూర్చోబెట్టాలి.

ఇన్ని జరిగినా పనిచేసిన మనుషులు ఎందుకు నిలవలేదంటే, సముద్రమూ పొట్టకూడూ రెండూ కారణమే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. పొదంపేట పాత ఊరు కోతకు గురై ఇళ్లు సముద్రంలో కలిశాయి, కుటుంబాలు లోపలికి తరలాయి. వేట లేని నెలల్లో యువకులు చెన్నై, కేరళ, గోవా పడవల్లో కూలికి వెళ్తారు, కొందరు సూరత్ వెళ్తారు. ప్రాజెక్టులేమో రెండేళ్లు, మూడేళ్లు ఉంటాయి. సీజన్ నడిచినన్నాళ్లు రోజుకూలి, తర్వాత ఇంటికి. ప్రాజెక్టు అయిపోతే కోఆర్డినేటరు వేరే జిల్లాకు పోతాడు, ఊరి కుర్రాడు రైలెక్కుతాడు. మళ్లీ డబ్బు వచ్చినప్పుడు కొత్తవాళ్లకు మొదటినుంచీ నేర్పాలి. చదువుకున్న ఫీల్డ్ స్టాఫ్‌కు కనీసం అనుభవ పత్రం దొరుకుతుంది. పట్టీల మీద పదేళ్లు నడిచిన మత్స్యకార కుర్రాడికి అదీ ఉండదు.

వాళ్లు చేసిన పని విలువ మాత్రం తగ్గలేదు. ఋషికుల్యలో 2023లో 6.3 లక్షలకు పైగా, 2025లో దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. కొన్నేళ్లు సామూహికంగా రావడమే ఉండదు. ఏ ఏడు వచ్చాయి, ఏ ఏడు రాలేదు అని చెప్పగలగడానికి ఏటా ఒడ్డున మనుషులు ఉండాలి. 2021లో గహీర్‌మఠలో గుర్తు కోసం నంబరున్న ట్యాగ్ వేసిన ఒక ఆడ తాబేలు 2025 జనవరిలో అవతలి తీరంలో, మహారాష్ట్రలోని గుహాగర్‌లో గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరం తాబేళ్లు పడమటి తీరానికీ వెళ్తాయని తెలిసింది రాత్రిపూట వంగి ట్యాగ్ నంబరు చదివే మనుషుల వల్లే.

2022 అక్టోబరులో పర్యావరణానికి మేలు చేసే జీవనశైలి కోసం కేంద్రం తెచ్చిన మిషన్ లైఫ్ మొదలయ్యాక స్కూళ్లలో పర్యావరణ క్లబ్బులకు మళ్లీ ఊపు వచ్చింది, యువ నాయకుల మాట కూడా ఎక్కువగా వినిపిస్తోంది. డబ్బు వస్తున్నప్పుడే అడగాల్సినవి అడగాలి. పాత కమిటీల్లో పనిచేసినవాళ్లకు ఎన్ని సీజన్లు, ఏ పని చేశారో రాసి సంతకం పెట్టిన పత్రం ఇవ్వాలి. శిబిరాల్లో వాళ్లను దారి చూపే కూలీలుగా కాక శిక్షకులుగా పిలిచి, శిక్షకులకిచ్చే డబ్బే ఇవ్వాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా కూడా పని ఉండాలి. తీరం కోత కొలవడం, చెత్త వలలు ఏరడం, చేపల దిగుబడి నమోదు చెయ్యడం వాళ్లు చెయ్యగలిగిన పనులే. రామయ్యపట్నం నుంచి పొదంపేట దాకా ఉన్న బడుల్లో తెలుగులో చెప్పే మనిషిని వాలంటీరుగా కాక జీతమిచ్చి పెట్టుకోవాలి. వచ్చే నవంబరు 1న వేట నిషేధం మళ్లీ మొదలవుతుంది, ఆ లోపు ఈ జాబితా జిల్లా అటవీ అధికారుల బల్ల మీద ఉండాలి.