బోరు లోతు పెరిగితే నీరు పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

భూగర్భ జలాల సర్వేకు ఏ ఊరికి వెళ్లినా రైతులు నన్ను మొదట అడిగేది ఒకటే: "సార్, ఎంత లోతు వేయిస్తే నీళ్లు గ్యారంటీ?"

అపోహ: లోతుకు వెళ్లేకొద్దీ నీరు తప్పక తగులుతుంది.

వాస్తవం: తెలంగాణ, రాయలసీమల్లో చాలా భాగం గ్రానైట్, నైస్ (గ్రానైటు లాంటి చారల గట్టి బండ) శిలల నేల. ఇక్కడ నీరు నిలిచేది పైనున్న మొరం పొరలోనూ, దాని కింది బండ పగుళ్లలోనూ మాత్రమే. లోతు పెరిగేకొద్దీ ఆ పగుళ్లు అరుదై, పైబరువుకు బిగుసుకుపోతాయి. 300, 400 అడుగులు దాటాక మంచి జల తగిలే అవకాశం బాగా తగ్గుతుంది. ఎక్కడో 800 అడుగుల్లో నీరు పడ్డ బోరు గురించి మండలమంతా చెప్పుకుంటుంది గానీ, దుమ్ము తప్ప ఏమీ రాని బోర్ల ఊసు ఎవరూ ఎత్తరు. గోదావరి లోయ ఇసుకరాతి నేలల లెక్క వేరు. అక్కడి అనుభవాన్ని గ్రానైటు పొలానికి తెచ్చి పెట్టుకోకూడదు.

నల్గొండ జిల్లాలో ఒక బత్తాయి రైతు పొలంలో 600 అడుగుల దగ్గర కూడా పొడి దుమ్మే వస్తుంటే, "ఇక్కడ ఆపితే పెట్టిందంతా పోయినట్టే కదా సార్, ఇంకో వంద చూద్దాం" అన్నాడు. ఎండిపోతున్న తోటను ఎదురుగా పెట్టుకున్న మనిషి మాట అది, తప్పుపట్టలేను. కానీ లోతు పెరిగితే అడుగు రేటూ పెరుగుతుంది, అప్పూ పెరుగుతుంది. ఒక్క రోజులో వందల అడుగులు తొలిచే బండిని మనిషి తయారు చేసుకోగలిగాడు గానీ, ఈ రాతి నేలలో కురిసిన వానలో సుమారు పదో వంతు మాత్రమే భూగర్భ జలంగా చేరుతుందన్న లెక్కను ఆ బండి మార్చలేదు.

అపోహ: మిషన్ పెట్టి చూస్తే నీరు ఖాయం.

వాస్తవం: ఆ మిషన్, అంటే రెసిస్టివిటీ మీటర్, కొలిచేది నేల విద్యుత్ నిరోధాన్ని, నీటిని కాదు. తడి బంకమట్టి, నీరున్న పగులు రెండూ తక్కువ నిరోధమే చూపవచ్చు. సర్వే వల్ల గుడ్డిగా వేసే బోర్లు తగ్గుతాయి, విఫలమయ్యే అవకాశం మాత్రం మిగిలే ఉంటుంది. గ్యారంటీ ఇచ్చేవారిని నమ్మవద్దు.

కొబ్బరికాయ నిలబడటం, వేపపుల్ల తిరగడం వంటివాటికి నేల కింది నీటితో ఏ సంబంధమూ లేదు.

బండి రాకముందే, సర్వే చూపిన పగుళ్లను బట్టి ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో ఇంట్లో అందరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. అడుగుల లెక్కన డబ్బు తీసుకునే వ్యక్తికి ఆ నిర్ణయం వదిలేయకండి.