ట్రెయిలర్ ఊగితే కారు బ్రేకు తొక్కకండి

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు కుడి లేన్లలో కార్లు గంటకు 120 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చు. వెనక కారవాన్ (ఇల్లులాంటి ట్రెయిలర్) తగిలించుకున్నవాళ్లు మాత్రం ఆ బోర్డు తమకు కాదనుకుని 80 లోపే ఉంటే మంచిది. పక్కనుంచి బస్సు దూసుకెళ్లినప్పుడు అది నెట్టిన గాలి ట్రెయిలర్‌ను కాస్త పక్కకు తోస్తుంది. నిదానంగా వెళ్తుంటే టైర్ల పట్టు వల్ల ఆ ఊపు రెండు మూడు సార్లకే సద్దుమణుగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఊపు ఆలస్యంగా తగ్గుతుంది. ఒక హద్దు దాటాక తగ్గడం మాని ప్రతిసారీ ఇంకాస్త పెరుగుతుంది. ఆ హద్దు 70 దగ్గరుంటుందా, 110 దగ్గరుంటుందా అన్నది చాలావరకు లోపల సామాను ఎక్కడ పెట్టారన్న దాన్నిబట్టే ఉంటుంది.

చూడాల్సిన లెక్క ఒక్కటే: కారు వెనక ట్రెయిలర్‌ను తగిలించే గుండు, అంటే బాల్ మీద ఎంత బరువు పడుతోంది? అమెరికా పద్ధతిలో ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. యూరప్‌లో కారవాన్లు తేలిక, వేగాలు తక్కువ కాబట్టి 5-7 శాతంతో నడిపిస్తారు. 1,200 కిలోల ట్రెయిలర్ బాల్ మీద 130 కిలోలు వేస్తోందనుకుందాం. దాదాపు 11 శాతం, బాగానే ఉంది. ఇప్పుడు యాక్సిల్‌కు మీటరున్నర వెనక ఉన్న ట్యాంకులో వంద లీటర్ల నీళ్లు నింపారు. బాల్ నుంచి యాక్సిల్‌కు 4 మీటర్ల దూరమైతే, ఆ నీళ్లు బాల్ మీది బరువును 37.5 కిలోలు పైకి లేపేస్తాయి. మిగిలేది 92.5 కిలోలు, మొత్తం 1,300లో 7 శాతం. పొద్దున కుదురుగా నడిచిన బండి ట్యాంకు నింపాక తోక ఊపడానికి కారణం ఇదే.

మొత్తం బరువుకు పటాన్‌చెరు, కాటేదాన్ లాంటి చోట్ల ఉండే వేబ్రిడ్జిలు సరిపోతాయి. బాల్ బరువు మాత్రం అక్కడ చూడకండి. ఆ కాటాలు 5, 10 కిలోల మెట్లలో చూపిస్తాయి. సమతలం మీద చక్రాలకు అడ్డు పెట్టి, ఇంట్లో వాడే బరువు మిషన్ మీద చెక్కదిమ్మె నిలిపి, దాని మీదికి కప్లర్‌ను (బాల్ మీద కూర్చునే ట్రెయిలర్ ముక్కును) దించితే చాలు. దిమ్మెతో కలిపి కప్లర్ ఎత్తు బాల్‌కు తగిలించినప్పుడు ఉండే ఎత్తే కావాలి. మిషన్ మోయగలిగే బరువు ముందే చూసుకోండి.

బాల్ బరువు మరీ పెంచినా చిక్కే. బాల్ కారు వెనక యాక్సిల్‌కు 1.1 మీటర్ల వెనక ఉండి, వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 2.75 మీటర్లైతే, ఆ 130 కిలోలు ముందు చక్రాల మీద 52 కిలోలు తగ్గిస్తాయి. స్టీరింగ్ తేలిపోతుంది. స్ప్రింగ్ బార్లున్న హిచ్ (కారుకు ట్రెయిలర్‌ను కలిపే అమరిక) అందులో కొంత బరువును ముందుకు తిరిగి పంపుతుంది. ఊపును రాపిడితో అణిచే ఫ్రిక్షన్ బార్ పని వేరు. రివర్స్ చేసేముందు దాన్ని విప్పాలి, లేకపోతే వంగిపోతుంది. ఏ బార్ అయినా సరే, తప్పుగా సర్దిన సామానుకు విరుగుడు కాదు. దాన్ని నమ్ముకుని వేగం పెంచేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

ఇక బ్రేకులు. ట్రెయిలర్ ఎలక్ట్రిక్ బ్రేకులో డ్రమ్ములోని మాగ్నెట్ కరెంటు అందగానే తిరిగే డ్రమ్ముకు అతుక్కుని దాంతోపాటు కాస్త జరిగి, లివర్‌ను లాగి బ్రేకు షూలను డ్రమ్ముకు ఒత్తేలా తెరుస్తుంది. ఒక్కో మాగ్నెట్ సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. ఒక యాక్సిల్‌కు రెండు మాగ్నెట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు, కలిపి 2 ఓముల రెసిస్టెన్స్. ప్లగ్గులోనో ఎర్త్ వైరులోనో తుప్పు పట్టి అర ఓము తోడైతే కరెంటు 4.8కి పడిపోతుంది. బ్రేకు అయిదో వంతు బలహీనపడుతుంది, కారులోంచి ఆ కరెంటు పంపే కంట్రోలర్ మీద లైటు మాత్రం మామూలుగానే వెలుగుతుంది. బ్రేకు సరిగా పట్టట్లేదంటే షూల కంటే ముందు ఎర్త్ చూడండి.

కంట్రోలర్ కొంటే కారు ఎంత గట్టిగా ఆగుతోందో సెన్సర్‌తో కొలిచే ప్రొపోర్షనల్ రకమే కొనండి. సామాను ఎక్కించాక, ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద 40 వేగంలో కారు బ్రేకు ముట్టకుండా కంట్రోలర్ చేతి లివర్ మాత్రమే నొక్కాలి. ట్రెయిలర్ చక్రాలు బిగుసుకుని జారితే గెయిన్ (బ్రేకుకు పంపే కరెంటు మోతాదు) తగ్గించాలి, చక్రాలు బిగుసుకోవడానికి కాస్త ముందుండే చోట దాన్ని ఉంచాలి. బిగుసుకున్న చక్రానికి పక్కపట్టు ఉండదు, ట్రెయిలర్ పక్కకు జారుతుంది. వానకు రోడ్డు తడిసినా, సామాను దించినా గెయిన్ ఇంకాస్త తగ్గించాలి.

ఊపు మొదలైతే చేతి లివర్ పనికొచ్చేది అప్పుడే. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, లివర్ మాత్రం నొక్కాలి. ట్రెయిలర్ వెనక్కి లాగుతుంటే కారు, ట్రెయిలర్ ఒకే గీతలోకి వస్తాయి. కారు బ్రేకు తొక్కితే ట్రెయిలర్ వెనకనుంచి నెట్టి ఊపు పెంచుతుంది. స్టీరింగ్‌తో ఎదురు తిప్పినా అంతే, మన చెయ్యి ఎప్పుడూ ఊపు కంటే కాస్త ఆలస్యం.

శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగేటప్పుడు దిగువ గేరే ఆధారం. బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచితే డ్రమ్ములు వేడెక్కి పట్టు సన్నగిల్లుతుంది. ఇలాంటి ఘాట్‌కు వెళ్లేముందే, ట్రెయిలర్ కారు నుంచి ఊడిపోతే దానంతటదే దాని బ్రేకులు వేసే బ్రేక్‌అవే స్విచ్ పరీక్షించాలి. కారు ప్లగ్గు తీసేసి, స్విచ్ పిన్ను లాగి, ట్రెయిలర్‌ను మెల్లగా ముందుకు లాగితే చక్రాలు బిగుసుకోవాలి. వెంటనే పిన్ను పెట్టేయండి, మాగ్నెట్లు వేడెక్కుతాయి, బ్యాటరీ దిగిపోతుంది. ఆ పిన్నును లాగే కేబుల్‌ను బాల్‌కో సేఫ్టీ గొలుసులకో కాకుండా కారు ఫ్రేమ్‌కు విడిగా కట్టాలి. గొలుసులను కప్లర్ కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేస్తే, బాల్ ఊడినా కప్లర్ ముక్కు వాటి మీద పడుతుంది, రోడ్డులో గుచ్చుకోదు.