సిఫార్సు ఉత్తరం విలువ

చిరంజీవులకు,

ఆశీస్సులు. ట్యూన్లు కట్టి నోటు పుస్తకాల్లో దాచుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. వాటిని ఎవరు వాయిస్తారు, ఎవరు అచ్చువేస్తారు అన్నదే మీ టెన్షన్ అట. చెక్ సంగీతకర్త ద్వోర్జాక్ సంగతి చెబుతాను, వినండి.

1841లో ప్రాగ్ దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి మాంసం కొట్టు, సత్రం నడిపేవాడు. ద్వోర్జాక్ ప్రాగ్ చేరి నాటకశాల ఆర్కెస్ట్రాలో ఏళ్ల తరబడి వయోలా వాయించాడు, ఇళ్లకు వెళ్లి పియానో పాఠాలు చెప్పాడు. సింఫనీలు కూడా రాశాడు కానీ ప్రాగ్ దాటితే అతని పేరు ఎవరికీ తెలియదు.

అప్పట్లో ఆ ప్రాంతం ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. డబ్బులేని యువ కళాకారులకు ప్రభుత్వం ఉపకారవేతనం ఇచ్చేది. ద్వోర్జాక్ తన రచనల కట్ట పంపి దరఖాస్తు పెట్టాడు. 1875లో 400 గుల్డెన్లు (అప్పటి ఆస్ట్రియా నాణేలు) వచ్చాయి. తర్వాతా పెడుతూనే పోయాడు. ఆ కట్టలు చూసే పెద్దల్లో పేరుమోసిన జర్మన్ సంగీతకర్త బ్రామ్స్ ఒకడు. తాను పాఠాలు చెప్పే ఒక వర్తకుడి ఇంటి కోసం ద్వోర్జాక్ కట్టిన మొరావియా ప్రాంతపు యుగళగీతాలు బ్రామ్స్‌కు తెగ నచ్చాయి.

నచ్చాయని మెచ్చుకుని ఊరుకోలేదు. 1877 డిసెంబరులో బెర్లిన్‌లోని సిమ్‌రాక్‌కు, అంటే తన పాటలు అచ్చువేసే ప్రచురణకర్తకే, ఇవి చూడమని ఉత్తరం రాశాడు. ముక్కూమొహం తెలియని 36 ఏళ్ల మనిషి స్వయంగా పంపితే ఆ కట్ట ఏ మూల పడేదో! బ్రామ్స్ మాట కాబట్టి సిమ్‌రాక్ అచ్చువేశాడు, వెంటనే పియానో మీద ఇద్దరు కలిసి వాయించే నాట్యాలు రాయమన్నాడు. అవే 1878 నాటి స్లావోనిక్ డాన్సులు. బెర్లిన్ పత్రికలో ఒక విమర్శకుడు మెచ్చుకుంటూ రాసేసరికి జనం దుకాణాల మీద పడ్డారు. ఆర్కెస్ట్రా రూపం మరుసటి ఏడాదికల్లా లండన్‌లోనూ మోగింది. అచ్చుప్రతి చేతిలో ఉంటేనే కదా, దూరపు ఊళ్లో వాళ్లు వాయించగలిగేది.

డబ్బు మాటకొస్తే, ఆ నాట్యాలకు ద్వోర్జాక్‌కు ముట్టింది 300 మార్కులు. లాభమంతా సిమ్‌రాక్‌దే. సిఫార్సు తలుపు తీయిస్తుంది, బేరం మాత్రం మనమే ఆడుకోవాలి. ఆ విద్య అతనికి ఆలస్యంగా అబ్బింది. 1890లో ఎనిమిదో సింఫనీకి సిమ్‌రాక్ తక్కువ ఇస్తానంటే, లండన్‌లోని నొవెల్లో అనే ప్రచురణ సంస్థకు ఇచ్చేశాడు.

గురువుగా ఉండటమంటే సిఫార్సు ఒక్కటే కాదు. నువ్వు తొందరగా రాస్తావు, షార్పులూ ఫ్లాట్లూ (స్వరాన్ని కాస్త పెంచే, తగ్గించే గుర్తులు) వదిలేస్తున్నావు, స్వరాలు మళ్లీ చూసుకో అని బ్రామ్స్ మొదట్లోనే మెత్తగా మందలించాడు. నాకు మరీ నచ్చేది ఆ తర్వాతి సంగతి. ద్వోర్జాక్ న్యూయార్క్‌లో పాఠాలు చెబుతున్న రోజుల్లో, అతని రచనల ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దే ప్రతులు, ఓడలో అంత దూరం వెళ్లి రావడం కష్టమని, అరవై ఏళ్ల బ్రామ్స్ తానే కూర్చుని దిద్దిపెట్టాడు. అంత పేరున్నవాడు ఇంకొకరి అచ్చుతప్పులు వెతకడం మామూలు విషయమా? మన కీరవాణి గారు కూడా ముందు చక్రవర్తి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసినవారే.

ఇక మీ సంగతి. నాకు తెలిసిన వయొలిన్ మాస్టారికి చూపిస్తాను. ఫోన్‌లో పాడి పంపితే చాలదు. ఒక్కొక్క ట్యూన్‌నూ స్వరాలతో, తాళంతో శుభ్రంగా రాసి, పేజీ నంబర్లు వేసి, సంక్రాంతి సెలవుల్లోపు పంపండి.

మీ
తాతయ్య