పొలం బయటి పనితో ఆదాయం పెరిగింది సరే, గంటల సంగతేంటి?

పొలం కూలి ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవదని, తాపీ పనికో ఇటుక బట్టీకో వెళ్తే నాలుగు డబ్బులు వస్తాయని పల్లెల్లో ఎవర్నడిగినా చెప్తారు. నిజమే. వర్ధమాన దేశాల్లో గ్రామీణ ఆదాయంలో 35 నుంచి 50 శాతం వ్యవసాయేతర పనుల నుంచే వస్తోందని పరిశోధకుల అంచనా. అయితే ఆ పెరిగిన డబ్బు కూలి రేటు ఎక్కువ కావడం వల్ల వచ్చిందా, ఎక్కువ గంటలు పనిచేయడం వల్ల వచ్చిందా అన్నది మాత్రం చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు.

ఇలాంటి పనులు ఇప్పుడు పుట్టినవేం కాదు. 18వ శతాబ్దపు ఇంగ్లండ్ పల్లెల్లో వ్యాపారి తరఫు మనిషి ఉన్నో పత్తో తెచ్చి ఇంట్లో పడేసి వెళ్లేవాడు. ఆడవాళ్లు, పిల్లలు పొలం పని తీరిన వేళల్లో కూర్చుని వడికితే మళ్లీ వచ్చి నూలు లెక్క చూసుకుని డబ్బు ఇచ్చేవాడు. ఎంత రాత్రి దాకా కూర్చున్నారన్నది ఆ లెక్కలోకి వచ్చేది కాదు. తర్వాతి దశాబ్దాల్లో వడికే యంత్రాలు విస్తరించేసరికి ఆ ఆదాయం పోయింది, చాలా ఇళ్లకు మళ్లీ పొలం కూలే దిక్కయింది.

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒప్పందం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని చెప్పింది, కానీ పరిశ్రమలకే. వ్యవసాయాన్ని బయట పెట్టేశారు. అమెరికా 1938 కార్మిక చట్టం కూడా ఓవర్‌టైమ్ హక్కు నుంచి పొలం కూలీలను మినహాయించింది. అంటే పని గంట అనే కొలత ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది, ఇంట్లో పీస్ రేటుకు (ఎన్ని చేస్తే అంత డబ్బు అనే లెక్కన) చేసే పనికీ మేస్త్రీ కింద చేసే పనికీ ఇప్పటికీ అది సరిగ్గా చేరలేదు.

ఇంతకీ పొలంలో మనుషులు నిజంగా ఖాళీగా ఉన్నారా? 1954లో ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్, వ్యవసాయంలో అవసరానికి మించి మనుషులున్నారు, కొందరు వెళ్లిపోయినా పంట తగ్గదు అన్నారు. 1964లో మరో ఆర్థికవేత్త థియొడోర్ షుల్జ్ దీన్ని కాదన్నారు: 1918-19 ఇన్‌ఫ్లుయెంజాతో భారతదేశంలో కోటి మందికి పైగా పోయినప్పుడు సాగు విస్తీర్ణం కూడా తగ్గిందని, అంటే మిగులు మనుషులు లేరని చూపించారు. 1979లో ఆర్థికశాస్త్ర నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. నాకు అనిపించేదేంటంటే, ఇద్దరి వాదనకూ మధ్యలో ఉన్నది సీజన్. నాట్లప్పుడు, కోతలప్పుడు ఒక్క మనిషి కూడా అదనంగా దొరకడు, మిగతా నెలల్లో చేతిలో పని ఉండదు.

చైనా ఈ ఖాళీని పట్టుకుంది. 1978 సంస్కరణల తర్వాత ఊళ్లలోనే పరిశ్రమలు పెట్టి, సుమారు 2.8 కోట్ల మంది నుంచి 1996 కల్లా 13.5 కోట్ల మందికి అక్కడే పని చూపించింది. ఆదాయాలు బాగా పెరిగాయి.

గంటల సంగతి ఆఫ్రికా లెక్కల్లో తేలింది. ఇథియోపియా, మలావీ, టాంజానియా, ఉగాండా సర్వేలను విశ్లేషించి 2017లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఏడాదికి మనిషికింత రాబడి అని చూస్తే వ్యవసాయానికీ ఇతర పనులకూ పెద్ద తేడా ఉంది, అదే గంటకింత అని చూస్తే ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. పొలం పనిలో గంటకు వచ్చేది మరీ హీనం కాదు, ఏడాది మొత్తంలో దొరికే గంటలే తక్కువ.

అందుకే ఖాళీ నెలల్ని నింపే పని దొరికితే అది నిజంగా మేలు. పొద్దున్నే కలుపు తీసి, పశువులకు మేత వేసి, ఆ తర్వాత సైట్‌కు వెళ్లి చీకటి పడ్డాక ఇంటికొచ్చి పొయ్యి వెలిగించే ఆవిడ విషయంలో మాత్రం పెరిగిన ఆదాయం నిద్రలోంచి కోసుకున్నదే. ఆదాయం మాత్రమే అడిగే సర్వేలో ఆ ఇల్లు బాగుపడినట్టే కనిపిస్తుంది. జీతం లేని ఇంటి పని కూడా పనేనని కార్మిక గణాంక నిపుణుల అంతర్జాతీయ సదస్సు తీర్మానించింది 2013లో. ఆదాయంతో పాటు రోజులోని 24 గంటలూ ఎలా గడిచాయో అడిగే సర్వేలు అన్నిచోట్లా క్రమం తప్పకుండా జరిగితే తప్ప, ఏ పని ఎవరికి ఎంత మేలు చేసిందో చెప్పలేం.