1776కి ముందు స్టాలియన్ ప్రకటనలు: అపోహలు – వాస్తవాలు

నేను స్టడ్ ఫార్మ్‌లో పశువైద్యుణ్ని. ఎద కనిపెట్టడం, చూడి నిలిచిందో లేదో స్కాన్‌లో చూడటం, ఈత దగ్గరపడిన గుర్రాల కోసం రాత్రుళ్లు మేలుకోవడం, ఇదీ ఉద్యోగం. సీజన్ అయిపోయాక తీరిగ్గా చదివేది మాత్రం పాత స్టాలియన్ ప్రకటనలు, అంటే ఆడగుర్రాలతో జత కట్టించడానికి పెట్టిన మగగుర్రాల ప్రకటనలు. ముఖ్యంగా అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు వర్జీనియా, మేరీల్యాండ్ పత్రికల్లో పొగాకు ధరలు, ఓడల రాకపోకల పక్కన అచ్చయినవి. గుర్రాల పిచ్చి ఉన్నవాళ్లు ఈ కాలం గురించి చాలా చెబుతుంటారు, అందులో సగం కథలే. పైగా అందరూ పెడిగ్రీ (వంశావళి) చదివి అక్కడే ఆగిపోతారు, అడుగున ఉన్న షరతుల దాకా ఎవరూ రారు. నన్నడిగితే అసలు సంగతంతా ఆ అడుగునే ఉంది: గుర్రం చూడి కట్టకపోతే డబ్బు ఎవరికి పోతుంది?

అపోహ: అప్పట్లో ఓడలో వచ్చిన థరోబ్రెడ్ అంటే స్వచ్ఛమైన అరబ్బీ గుర్రం.

కాదు. థరోబ్రెడ్ ఇంగ్లండ్‌లో తయారైన పందెం గుర్రాల జాతి. మగవైపు వంశం మూడు గుర్రాల దగ్గరికి చేరుతుంది: బయర్లీ టర్క్, 1704లో అలెప్పో నుంచి తెప్పించిన డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. ఆడవైపు మాత్రం అప్పటికే ఇంగ్లండ్‌లో పందేలకు వాడుతున్న రకరకాల రక్తాలు కలిసిన గుర్రాలు. 1730లో వర్జీనియాకి వచ్చిన బుల్ రాక్‌ని అమెరికాలో దిగిన మొదటి థరోబ్రెడ్‌గా లెక్కేస్తారు. దాని తండ్రి డార్లీ అరేబియన్ అనీ, తల్లి బయర్లీ టర్క్ కూతురనీ పెడిగ్రీ చెబుతుంది. అంటే అది అరబ్బు దేశం నుంచి రాలేదు, ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగి వచ్చింది.

అపోహ: ప్రకటనలో పెడిగ్రీ అచ్చయిందంటే అది నిజమే.

ఇది వింటే నాకు నవ్వొస్తుంది. ఇవాళ థరోబ్రెడ్ పిల్ల పుడితే డీఎన్‌ఏ పరీక్షలో తల్లీ తండ్రీ ఫలానా అని తేలాలి, మైక్రోచిప్ వేయాలి, అప్పుడుగానీ వంశాలు నమోదు చేసే స్టడ్ బుక్‌లోకి ఎక్కదు. ఇంగ్లండ్‌లో జనరల్ స్టడ్ బుక్‌కి తొలి రూపం వచ్చిందే 1791లో, అంటే అమెరికా స్వతంత్రం ప్రకటించుకున్న పదిహేనేళ్లకి. అమెరికాకి సొంత స్టడ్ బుక్ రావడానికి 19వ శతాబ్దం రెండో సగం దాకా పట్టింది. వలస కాలంలో ఉన్నదల్లా పెంచినవాడు సంతకం పెట్టి ఇచ్చిన చీటీ, అక్కడక్కడా పందేల రికార్డు పుస్తకాలు, మిగతాది పెద్దమనుషుల మాట.

పేర్ల గొడవ ఇంకోటి. వర్జీనియాలో బాగా పేరు తెచ్చుకున్న స్టాలియన్ జానస్‌కి తండ్రి పేరు కూడా జానసే. దాని పిల్లలకీ, పిల్లల పిల్లలకీ మళ్లీ అదే పేరు పెట్టారు. వందేళ్ల తర్వాత స్టడ్ బుక్ రాయడానికి కూర్చున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. అలాగని అందరూ అబద్ధాలే అచ్చేశారనడం లేదు. కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లు, బొంకితే పరువు పోయేది. కానీ పరువు వేరు, రుజువు వేరు.

అపోహ: అవి భారీ గుర్రాలు.

జానస్ ఎత్తు 14 హ్యాండ్స్ పైన కొంచెం. ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు, కాబట్టి మెడ మొదలు దగ్గర సుమారు 4 అడుగుల 8 అంగుళాలు. ఇవాళ పందెం బరిలో ఇంత పొట్టి గుర్రాన్ని చూస్తే 'పోనీ' (పొట్టి జాతి గుర్రం) అంటారు. 15 దాటితే ఆ రోజుల్లో ప్రకటనలో గొప్పగా చెప్పుకునే ఎత్తు.

అపోహ: స్టడ్ ఫీజు మహా ప్రభువులు మాత్రమే కట్టగలిగేది, అదీ బంగారు నాణేల్లో.

ఇక్కడ కాసేపు ఆగుదాం. స్టాలియన్‌ని కొని, ఓడలో అట్లాంటిక్ దాటించి తేవడం మాత్రం నిజంగా ధనవంతుల పనే. 1764లో ఫియర్‌నాట్ అనే స్టాలియన్‌ని తెప్పించిన జాన్ బేలర్ వర్జీనియాలో పెద్ద తోటల ఆసామి. ఓడ ప్రయాణం వారాల తరబడి. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు, కడుపులో తేడా వస్తే బయటపడే దారి లేక కోలిక్ (తీవ్రమైన కడుపు నొప్పి)తో పోతుంది. కాబట్టి ఒడ్డుకు చేరిన ప్రతి స్టాలియన్ వెనకా పెద్ద పెట్టుబడి, పెద్ద టెన్షన్. అంత డబ్బు పెట్టినవాడు పది మంది స్నేహితుల గుర్రాలతో సరిపెట్టుకోలేడు. అందుకే పత్రికలో ప్రకటన. చుట్టుపక్కల ఉన్న మామూలు రైతు కూడా తన ఆడగుర్రాన్ని తోలుకుని రావాలి, అలా వస్తేనే గిట్టుబాటు.

ఇక షరతులు. మామూలుగా మూడు రకాల ధరలు కనిపిస్తాయి. ఒక్క దాటుకి (ఒకసారి జత కట్టించడానికి) ఒక ధర, అన్నిటికంటే తక్కువ. సీజన్ మొత్తానికి ఇంకో ధర, అంటే గుర్రం చూడి నిలవకపోతే ఆ వసంతం, వేసవిలో మళ్లీ మళ్లీ తీసుకురావచ్చు. మూడోది చూడి హామీ ధర, అన్నిటికంటే ఎక్కువ. మొదటి రకంలో నష్టం పూర్తిగా ఆడగుర్రం యజమానిది, మూడో రకంలో స్టాలియన్ యజమానిది, సీజన్ ధర మధ్యలో ఎక్కడో.

డాక్టరుగా చెబుతున్నా, ఒక్క దాటు కొనుక్కోవడం దాదాపు జూదమే. ఆడగుర్రం ఎద అయిదారు రోజులు, ఒక్కోసారి వారం ఉంటుంది. అండం విడుదలయ్యేది ఆ చివర్లో, ఒకటి రెండు రోజుల ముందు. మేమైతే అల్ట్రాసౌండ్‌లో ఫాలికల్ (అండం ఉండే సంచి) సైజు చూసి, ఇవాళ కాదు రేపు సాయంత్రం అని చెప్పగలం. వాళ్లకి ఉన్నది గుర్రం ప్రవర్తన ఒక్కటే. మగగుర్రాన్ని చెక్క అడ్డుకి అవతల నిలబెట్టి ఆడగుర్రాన్ని ఇవతలికి తేవాలి. ఎదలో ఉంటే తోక పక్కకి ఎత్తి, కాళ్లు ఎడంగా పెట్టి, కొంచెం కొంచెంగా మూత్రం వదులుతూ నిలబడుతుంది. లేకపోతే చెవులు వెనక్కి పెట్టి కీచుమని అరిచి, వెనక కాళ్లతో పలకలు విరిగేలా తంతుంది. ఈ పద్ధతి ఇప్పటికీ మా దగ్గర రోజూ పొద్దున్నే జరుగుతుంది, స్కానర్ వచ్చాక కూడా మానలేదు.

చూడి నిలిచిందని తెలిసేదీ ఇలాగే. ఎద చక్రం సుమారు 21 రోజులు కాబట్టి, మూడు వారాల తర్వాత మళ్లీ మగగుర్రం ముందుకు తెచ్చేవాళ్లు. తన్నితే చూడి అనుకునేవాళ్లు. ఇది కూడా పక్కా కాదు, కొన్ని గుర్రాలు చూడితో ఉండి కూడా ఎద చూపిస్తాయి, కొన్ని ఖాళీగా ఉండి కూడా తంతాయి. కవలలు పడితే ఇంకో కష్టం, గుర్రాల్లో కవల చూడి చాలావరకు ఈసుకుపోతుంది. మేము రెండు వారాల దగ్గర స్కాన్‌లో చూసి ఒకదాన్ని తీసేస్తాం. ఆ రోజుల్లో చూడి 11 నెలలు నిండే దాకా ఆగడం తప్ప చేయగలిగింది లేదు. అందుకే హామీ ధర అంత ఎక్కువ పెట్టారు, అది దురాశ కాదు. ఇవాళ్టి ఒప్పందాల్లో బతికిన పిల్ల పుట్టి, లేచి నిలబడి, పాలు తాగితేనే ఫీజు అనే షరతు ఆ హామీ ధరకి మనవడే.

దూరం నుంచి వచ్చిన గుర్రాన్ని స్టాలియన్ ఉన్నచోటే వదిలి వెళ్లేవాళ్లు. మేతకి విడిగా డబ్బు, గుర్రాన్ని చూసుకునే సైసుకి విడిగా డబ్బు. దాంతోపాటు ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: పచ్చిక బాగుంటుంది, జాగ్రత్తగా చూస్తాం, కానీ తప్పించుకుపోతే మా బాధ్యత కాదు. కంచెలు ఎలా ఉండేవో ఆ ఒక్క వాక్యం చెప్పేస్తుంది!

డబ్బు సంగతికొస్తే, పౌన్లు, షిల్లింగులతో పాటు పొగాకు కూడా చెల్లేది. 1730లో వర్జీనియా పొగాకు తనిఖీ చట్టం వచ్చాక, ప్రభుత్వ గోదాములో పొగాకు అప్పగించి తీసుకున్న రసీదులే నోట్ల మాదిరి చేతులు మారాయి. పంట వచ్చాక కడతామనే బాకీ మామూలు. అన్నట్టు వర్జీనియా పౌను విలువ ఇంగ్లండ్ స్టెర్లింగ్ పౌను కంటే తక్కువ. పాత ఫీజుని నేరుగా ఇవాళ్టి రూపాయల్లోకి మార్చి "అబ్బో" అనేవాళ్లు ఇది గమనించరు.

అపోహ: ఫిబ్రవరి నుంచే సీజన్ మొదలయ్యేది, ఇప్పటిలాగే.

ఇప్పుడు ఆ తొందర ఎందుకంటే ఉత్తరార్ధగోళంలో పందెం గుర్రాలన్నిటికీ జనవరి 1న వయసు పెరుగుతుంది, ముందు పుట్టిన పిల్లకి లాభం. అందుకే శీతాకాలంలో కొట్టాల్లో లైట్లు వేసి ఆడగుర్రాల్ని ముందే ఎదకి తెస్తాం. 18వ శతాబ్దంలో వయసు లెక్క మే 1 నుంచి. పగలు పొడవయ్యే కొద్దీ గుర్రాలు వాటంతటవే ఎదకొచ్చేవి, వేసవి నడిమికి సీజన్ ముగిసేది. ఈ ఒక్క విషయంలో వాళ్ల పని మా కంటే సుఖం.

అపోహ: పిల్ల గుణమంతా మగగుర్రానిదే, ఆడగుర్రం పొలంలాంటిది, విత్తనం ఏదైతే పంట అదే.

మన దగ్గర గేదెలు పెంచేవాళ్ల నుంచి పెద్ద రేసింగ్ ఓనర్ల దాకా ఈ మాట వింటాను. "డాక్టర్ గారూ, స్టాలియన్ మంచిదైతే చాలదా?" అని. చాలదు. జన్యువుల్లో సగం తల్లివి, కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియా దాదాపు పూర్తిగా తల్లిది, 11 నెలలు కడుపులో, ఆపైన పాలు తాగినన్నాళ్లు ఒంటి పోషణంతా తల్లిదే.

వలస కాలంలోనే దీనికి జవాబుంది, పేరు సెలీమా. 1745లో పుట్టిన గొడాల్ఫిన్ అరేబియన్ కూతురు, మేరీల్యాండ్‌లోని బెలెయిర్ గుర్రాలశాలకి చెందిన బెంజమిన్ టాస్కర్ 1750 ప్రాంతంలో తెప్పించాడు. 1752 డిసెంబర్‌లో వర్జీనియాలోని గ్లోస్టర్‌లో మూడో విలియం బర్డ్ తన గుర్రం ట్రయల్ మీద పందెం కాస్తే, మేరీల్యాండ్ నుంచి నడిచొచ్చిన ఈ ఆడగుర్రం గెలిచి వర్జీనియా పెద్దల పరువు తీసింది. తర్వాత ఒథెల్లో అనే నల్ల స్టాలియన్‌కి సెలిమ్ అనే కొడుకుని ఈని ఆ పేరు ఇంకా పెంచింది. అయినా ప్రకటనల్లో పొగడ్తంతా మగగుర్రానికే ఎందుకంటే, అమ్మకానికి ఉన్నది అదే కదా. ఏడాదికి తల్లి ఈనేది ఒక్క పిల్లని, స్టాలియన్ పేరు డజన్ల పిల్లల మీద పడుతుంది.

ఇంకో మాట. వచ్చిన ఆడగుర్రాల్లో ఎక్కువ భాగం పెడిగ్రీ లేని స్థానిక గుర్రాలే. అంటే ఈ ఘనమైన స్టాలియన్లు కన్నది ఎక్కువగా సగం రక్తం పిల్లల్ని, ఊళ్లో స్వారీకి, బండికి, ఆదివారం చర్చికి పనికొచ్చే గుర్రాల్ని.

అపోహ: దూరం పరిగెత్తే స్టాలియన్‌కి దూరం పరిగెత్తే పిల్లలే పుడతాయి.

మళ్లీ జానస్. ఇంగ్లండ్‌లో నాలుగు మైళ్ల హీట్లు (ఒకే పందెంలో మళ్లీ మళ్లీ పెట్టే పరుగులు) పరిగెత్తిన గుర్రం. 1750లలో వర్జీనియా వచ్చాక దక్షిణ వర్జీనియా, ఉత్తర కరోలినాలలో స్థానిక గుర్రాల్ని కడితే పుట్టినవి పొట్టిగా, బలమైన పిరుదులతో, పావు మైలు బాణంలా దూసుకుపోయేవి. అక్కడ అడవి నరికి తీసిన సన్నటి బాటల్లో జోడు గుర్రాల పావు మైలు పందేలే జనాలకి ఇష్టం, కాబట్టి జనం ఎంచుకున్నదీ ఆ రకాన్నే. పావు మైలు పరుగుకి పేరున్న తర్వాతి క్వార్టర్ హార్స్ జాతి మూలాల్లో 1780లో చనిపోయిన ఈ జానస్ పేరు తప్పక వస్తుంది.

అపోహ: ముసలి స్టాలియన్లని ఇంగ్లండ్ వదిలించుకుంది, అవి దేనికీ పనికిరాలేదు.

మొదటి సగం చాలాసార్లు నిజమే. బుల్ రాక్ ఓడ దిగేసరికి 20 దాటింది. వయసు మీద వీర్యం నాణ్యత తగ్గుతుంది, కాళ్లూ వెన్నూ నొప్పి చేస్తాయి, కానీ తక్కువ గుర్రాలు కట్టి, ఎద సరిగ్గా చూసి దాటిస్తే ఇరవై దాటిన గుర్రం కూడా పిల్లల్ని ఇస్తుంది. వలస కాలం దాటిపోయిన ఉదాహరణైనా చెప్పకుండా ఉండలేను: 1780లో ఇంగ్లండ్‌లో పేరున్న డెర్బీ పందేన్ని మొట్టమొదటిసారి గెలిచిన డయోమెడ్‌ని 1798లో, 21 ఏళ్ల వయసులో, 50 గినీలకి (పాత ఇంగ్లండ్ బంగారు నాణేలు) అమ్మేశారు. వర్జీనియా వెళ్లాక 1805లో దానికి సర్ ఆర్చీ పుట్టింది, అమెరికా గుర్రాల చరిత్ర సగం దాని చుట్టూనే తిరుగుతుంది.

అపోహ: ఈ గుర్రాల్ని తయారుచేసింది ఆ పెద్దమనుషులే.

ప్రకటనలో పేరు వాళ్లది. ఎద చూసింది, తాడు పట్టుకుంది, తన్నులు తిన్నది, పందెంలో ఎక్కింది చాలావరకు బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లు. ఉత్తర కరోలినాలో విల్లీ జోన్స్ గుర్రాల్ని నడిపిన ఆస్టిన్ కర్టిస్ జాకీగా, ట్రెయినర్‌గా అంత పేరున్నవాడు, 1791లో గానీ అతనికి స్వేచ్ఛ దొరకలేదు. అప్పుడు సైసు ఫీజని విడిగా వసూలు చేసిన షిల్లింగు ఎవరి జేబులోకి వెళ్లిందో ప్రకటన చెప్పదు.

అపోహ: మన దేశంలో బ్రిటిష్‌వాళ్లు థరోబ్రెడ్ స్టాలియన్లని తెచ్చింది పందేల సరదాకే.

సరదా ఉంది, కాదనను. కానీ బీహార్‌లోని పూసాలో ఈస్టిండియా కంపెనీ స్టడ్ పెట్టింది సైన్యానికి గుర్రాల కోసం. 1808లో దాని బాధ్యత తీసుకున్న విలియం మూర్‌క్రాఫ్ట్ పశువైద్యుడు, మా వృత్తివాడే. మంచి స్టాలియన్ల కోసం వెతుక్కుంటూ లడఖ్ మీదుగా బుఖారా దాకా వెళ్లి, తిరుగుదారిలో 1825లో చనిపోయాడు. పూసా చుట్టుపక్కల ఆడగుర్రాల్ని రైతుల చేతికిచ్చి పెంచి, పుట్టిన పిల్లల్లో సైన్యానికి పనికొచ్చేవాటిని కంపెనీ కొనే పద్ధతి నడిచింది. ఇక్కడా నేను ముందు చూసేది అదే లెక్క: కంపెనీకి నచ్చని పిల్ల రైతు దగ్గరే మిగిలిపోయేది, మేత ఖర్చుతో సహా.