జపాన్ పాతకాలపు త్సుబాలు: అపోహలు – వాస్తవాలు

జపాన్ కత్తిలో అలుగు ముగిసి పిడి మొదలయ్యే చోట అడ్డంగా తొడిగే లోహపు బిళ్ళను త్సుబా అంటారు. పొడవైన కత్తి కతానాకు తొడిగేది సాధారణంగా 7 నుంచి 8.5 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దానికి జోడీగా ధరించే వాకిజాషి త్సుబా ఇంకొంచెం చిన్నది. వీటిని సేకరిస్తూ, ఇతరులు కొన్నవాటిని పరిశీలించి అభిప్రాయం చెబుతూ ఉన్నవాడిగా నాకు తరచూ ఎదురయ్యే కొన్ని నమ్మకాలను ఇక్కడ చర్చిస్తున్నాను. త్సుబాను గుర్తించడానికి ఒక వరుస ఉంది. ముందు లోహాన్ని, తర్వాత రంధ్రాలను, ఆపైన పనితనాన్ని చూడాలి. చెక్కిన పేరు, అమ్మేవారు చెప్పే కథ చిట్టచివర రావాలి. ఆ వరుసను తలకిందులు చేయడం వల్లనే ఈ అపోహల్లో చాలావరకు పుట్టాయి.

అపోహ: శత్రువు వేటును ఆపడానికే త్సుబాను అమర్చేవారు.

వాస్తవం: వేటు పడినప్పుడు త్సుబా చేతికి కొంత రక్షణ ఇస్తుంది. అయితే దాని మొదటి పని, పొడిచేటప్పుడు వాడేవాడి చేయి ముందుకు జారి సొంత కత్తి వాదర మీద పడకుండా ఆపడం. కత్తి బరువు చేతికి అనువుగా కుదరడంలో కూడా త్సుబా తూకానికి పాత్ర ఉంటుంది. ఒరలో బిగుతుగా కూర్చున్న కత్తిని దూసే ముందు ఎడమ బొటనవేలితో త్సుబా అంచును నెట్టి వదులు చేస్తారు. ఈ పనులు తెలిసినవారు, సగం వరకు ఖాళీలే ఉన్న జాలీ పని త్సుబాను చూసి ఇది వాడకానికి పనికిరాని అలంకారమని తీసిపారేయరు.

అపోహ: పాత త్సుబా అంటే యుద్ధం చూసినదే.

వాస్తవం: 1600లో సెకిగహరా యుద్ధం, 1615లో ఒసాకా కోట పతనం జరిగాక, 1637–38 నాటి షిమబరా తిరుగుబాటు వంటివి మినహాయిస్తే, జపాన్‌లో రెండు శతాబ్దాలకు పైగా పెద్ద యుద్ధాలు లేవు. నేడు మార్కెట్లో కనిపించే త్సుబాల్లో అత్యధికం 1603–1868 మధ్య నడిచిన ఆ ఎడో కాలానివే. సమురాయ్ నడుముకు రెండు కత్తులు ధరించడం అప్పటికి హోదాకు గుర్తు. ఒకే అలుగుకు సందర్భాన్ని బట్టి వేర్వేరు అమరికలు (పిడి, ఒర, త్సుబా వంటివి) తొడిగేవారు. 1876లో మెయిజీ ప్రభుత్వం బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించిన తర్వాత వేలాది కత్తుల నుంచి ఈ అమరికలు విడిపోయి ఐరోపాకు, అమెరికాకు చేరాయి. బోస్టన్ లలిత కళల మ్యూజియంలోనూ, ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలోనూ పెద్ద సేకరణలు ఏర్పడడానికి నేపథ్యం ఇదే. అదే కాలంలో విదేశీ కొనుగోలుదారుల కోసమే తయారైన త్సుబాలు కూడా ఉన్నాయి. వాటిలో కొన్ని చేతిపనిగా నిజంగా మెచ్చుకోదగినవి. వాటిని వాటి కాలానికి చెందినవిగానే గౌరవించాలి తప్ప, యుద్ధభూమి కథ తగిలించి అమ్మడం వాటికీ న్యాయం కాదు.

అపోహ: తుప్పు వదిలించి తళతళలాడేలా తోమితే విలువ పెరుగుతుంది.

వాస్తవం: ఇక్కడ ఉన్న అపోహలన్నింటిలోనూ నన్ను ఎక్కువగా బాధించేది ఇదే, ఎందుకంటే మిగతావాటి వల్ల కొనేవారు డబ్బు పోగొట్టుకుంటారు, దీనివల్ల వస్తువే పోతుంది. ఇనుప త్సుబా మీద కనిపించే నలుపు, ఊదా కలిసిన నలుపు, ముదురు గోధుమ రంగు మురికి కాదు. కమ్మరి ఉద్దేశపూర్వకంగా రప్పించిన పొర అది. తరతరాల చేతి స్పర్శతో చిక్కబడి నునుపు తేరింది. వేలితో రాస్తే నారింజ రంగు పొడిగా అంటుకునే ఎర్ర తుప్పు మాత్రం వేరు, దాన్ని తీయవలసిందే. అందుకు సేకర్తలు వాడేది జింక కొమ్ము ముక్క లేదా ఎముక ముక్క. ఇనుము కంటే మెత్తనైనది కాబట్టి అది పైన రేగిన తుప్పును గీకుతుంది గానీ కింది పొరను గాయపరచదు. తుప్పు ఉన్న చోట మాత్రమే, ఓపికగా, రోజుకు కొంచెం చొప్పున రుద్ది, తర్వాత మెత్తని నూలు గుడ్డతో తుడవాలి. ఇత్తడి పాత్రలను చింతపండుతో తోమే అలవాటు మన ఇళ్ళలో ఉంది; ఆ పులుపు గానీ, నిమ్మరసం గానీ, బజారులో దొరికే తుప్పు వదిలించే ద్రావణాలు గానీ, ఉప్పు కాగితం గానీ త్సుబా దగ్గరికి రాకూడదు. విశాఖపట్నం, చెన్నై వంటి సముద్రతీర నగరాల్లో ఉండేవారు చెమట చేతితో ముట్టుకున్న తర్వాత తప్పక తుడిచి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లంతో కలిపి డబ్బాలో భద్రపరచాలి.

రాగి మిశ్రమాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. షకుదో అనేది రాగిలో కొద్ది శాతం బంగారం కలిపిన మిశ్రమం. షిబుఇచి రాగిలో వెండి కలిపినది. పోత పోసి చెక్కిన తర్వాత రాగి లవణాలున్న ద్రావణంలో ఉడికిస్తే షకుదోకు నీలి ఛాయ గల నలుపు, షిబుఇచికి బూడిద రంగు వస్తాయి. బిద్రీ కళాఖండానికి బీదరు కోట మట్టితో రప్పించే నలుపు ఎలా పై పూత కాకుండా లోహపు ఉపరితలంలోనే జరిగిన రసాయన మార్పో, ఇదీ అలాంటిదే. అయితే ఈ పొర అత్యంత పలుచనిది. ఒక్కసారి బ్రాసో వంటి లోహపు పాలిష్ పెట్టి తోమితే ఎత్తుగా ఉన్న భాగాల్లో ఎర్రటి రాగి బయటపడుతుంది, దాన్ని తిరిగి రప్పించడం ఇంట్లో సాధ్యమయ్యే పని కాదు.

అపోహ: పేరు చెక్కి ఉంటే అసలుది, లేకపోతే నాసిరకం.

వాస్తవం: పాతకాలపు గొప్ప ఇనుప త్సుబాల్లో చాలావాటి మీద ఏ పేరూ ఉండదు. లోహ శిల్పుల్లో అత్యున్నత వంశంగా పేరొందిన గోతో కుటుంబంలో సైతం, మూలపురుషుడు యూజో (1440–1512) మొదలుకొని తొలి తరాలవారు తమ పనుల మీద పేరు చెక్కలేదు. వాటిని ఫలానా పూర్వీకుడివని నిర్ధారిస్తూ తర్వాతి తరాల పెద్దలు చెక్కిన సందర్భాలు ఉన్నాయి. మరోవైపు నొబుయియే, కనెయియే వంటి ప్రసిద్ధ త్సుబా కమ్మరుల పేర్లను తర్వాతి కాలాలవారు లెక్కలేనన్నిసార్లు చెక్కారు. హికోనెకు చెందిన సోతెన్ పేరైతే మరీ విచిత్రమైన స్థితికి చేరింది: చెట్ల నడుమ చైనా వీరులు, ఋషులు కిక్కిరిసి కనిపించే ఆ శైలికి ఎంత గిరాకీ ఏర్పడిందంటే, ఆ పేరు ఉన్న త్సుబాను చూడగానే ఇది ఆ శైలిలో మరెవరో చేసినదై ఉంటుందన్న అనుమానంతోనే పరిశీలన మొదలుపెట్టాలి.

పేరును పరిశీలించేటప్పుడు అక్షరాలను చదవడంతో ఆగకూడదు. ఉలి ఎక్కడ దిగింది, ఎక్కడ లేచింది, ఒక్కొక్క గీతలో చేతి ధీమా ఉందా, లేక బొమ్మను చూసి దించిన తడబాటు ఉందా అన్నది భూతద్దంతో చూడాలి. గాడి లోపలి రంగు చుట్టూ ఉన్న ఉపరితలం రంగుతో కలిసిపోయిందా అన్నది ఇంకా ముఖ్యం. పాత పొరను చీల్చుకొని కొత్తగా మెరిసే గాడి కనిపిస్తే ఆ పేరు త్సుబా కంటే చాలా చిన్న వయసుదన్నమాట. పేరు దొంగదైనంత మాత్రాన త్సుబా చెడ్డదైపోదు. పేరు లేని మంచి పాత త్సుబాకు ఎవరో తర్వాత పెద్ద పేరు తగిలించిన ఉదాహరణలు ఉంటాయి. అలాంటప్పుడు ఆ పేరును పక్కన పెట్టి మిగిలిన దాన్ని దాని యోగ్యత మేరకు విలువ కట్టాలి.

అపోహ: రంధ్రాల చుట్టూ గాట్లు, రాగి ముక్కలు, మూసేసిన ఖాళీలు ఉంటే అది పాడైన సరుకు.

వాస్తవం: నేను ఏ త్సుబా చేతికి తీసుకున్నా మొదట చూసేది ఈ భాగాన్నే. నడుమ ఉండే రంధ్రం గుండా కత్తి తోక పిడిలోకి వెళ్తుంది. అది పైకి సన్నబడే ఆకారంలో ఉంటుంది, ఆ సన్నని కొస వాదర వైపు. ప్రతి కత్తి తోక కొలత వేరు కనుక, ఒక కత్తి నుంచి మరో కత్తికి మార్చినప్పుడల్లా రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేయడమో, పైనా కిందా మెత్తని రాగి ముక్కలు బిగించి చిన్నది చేయడమో, చుట్టూ ఉలితో గాట్లు కొట్టి అంచును లోపలికి నెట్టడమో చేసేవారు. ఇవన్నీ ఆ త్సుబా వాడకంలో గడిపిన జీవితానికి సాక్ష్యాలు. రంధ్రం చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో చదునుగా వదిలిన స్థలం మీద, త్సుబాకు ఇరువైపులా తొడిగే పలుచని వాషర్లు ఒత్తుకొని ఏర్పడిన అరుగుదల కూడా కనిపిస్తే మరీ మంచిది.

నడిమి రంధ్రానికి ఇరుపక్కలా మరో ఒకటి రెండు ఖాళీలు ఉండవచ్చు. అర్ధచంద్రాకారపుది ఒరకు అమర్చే చిన్న చాకు పిడి కోసం, మూడు వంపులు గలది జుట్టు సవరించుకునే కోగాయ్ అనే సన్నని పనిముట్టు కోసం. చాలా పాత త్సుబాల్లో ఇవి మొదట లేవు. తర్వాతి యజమానులు కోయించారు. కొన్నింటిలో అవసరం తీరాక సీసంతోనో, షకుదోతోనో మూసేశారు. ఖాళీ అసలు నమూనాను అడ్డంగా కోసుకుపోయి ఉంటే అది తర్వాత చేర్చినదని వెంటనే తెలుస్తుంది. ఏ గుర్తూ లేని శుభ్రమైన రంధ్రం చూసి దొంగదని తీర్మానించడం కూడా తొందరపాటే, ఎందుకంటే బహుమతిగా ఇవ్వడానికి చేయించి ఎన్నడూ కత్తికి తొడగనివి ఉన్నాయి. అయితే ఉపరితలమంతా విపరీతంగా అరిగినట్టు కనిపిస్తూ, రంధ్రం మాత్రం నిన్న కోసినట్టు ఉంటే ఆ రెండూ పొసగవు.

అపోహ: వేలితో తట్టితే గణగణ మోగేది సుత్తితో సాగగొట్టినది, మోగనిది పోత పోసిన నకలు.

వాస్తవం: మోత మందాన్ని, ఆకారాన్ని, జాలీ పని ఎంత ఉందన్న దాన్ని బట్టి మారుతుంది కాబట్టి దాని మీద తీర్పు చెప్పలేం. పోత నకలును పట్టించేవి వేరు. జాలీ ఖాళీల లోపలి గోడలను దీపం వెలుతురులో చూడండి. సాగగొట్టి కోసిన త్సుబాలో రంపం, ఆకురాయి నడిచిన జాడలు, పదునైన మూలలు ఉంటాయి. పోతలో అచ్చు రెండు సగాలు కలిసిన సన్నని గీత, గాలి బుడగల గుంటలు, మొద్దుబారిన మూలలు కనిపిస్తాయి. కచ్చితంగా అదే నమూనా, అదే గీత, అదే లోపంతో మరో అమ్మకంలో కనిపిస్తే ఇక సందేహించనవసరం లేదు.

అపోహ: బంగారం ఎంత ఉంటే త్సుబా అంత గొప్పది.

వాస్తవం: హొసొకావా తదఓకి (1563–1646) అనే ప్రభువు, నిరాడంబరతను మెచ్చే తేనీటి వేడుకకు గురువైన సెన్ నో రిక్యూ శిష్యుడు. ఆయన ఆదరణలో, ఆయన వంశం పాలనలో హిగో ప్రాంతంలో, అంటే నేటి కుమమొతోలో, హిరాతా, హయాషి, నిషిగాకి, షిమిజు కుటుంబాలు తీర్చిదిద్దిన త్సుబాల్లో అనేకం నిరాడంబరమైన ఇనుపవే. హయాషి మతషిచి జాలీ పనిలో గీత ఎక్కడ బలపడాలో, ఎక్కడ సన్నబడాలో అంత నిశ్చయంగా ఉంటుంది; ఆ ఇనుము నలుపులోని తేమ వంటి నిగారింపును చూసిన తర్వాత, నిండా బంగారం పొదిగిన సాధారణ పని వైపు నా చూపు మళ్ళదు. ఎడో కాలం చివర్లో కమియోషి కుటుంబం హయాషి నమూనాలను శ్రద్ధగా తిరిగి చేసింది. అవి మోసపు నకళ్ళు కావు, గురువుల పని మీద గౌరవంతో చేసినవి. వాటికీ ఈనాడు తమదైన స్థానం ఉంది.

అపోహ: శిలువ ఆకారం ఉంటే అది రహస్య క్రైస్తవుడిది.

వాస్తవం: 1614లో దేశమంతటా క్రైస్తవ మతాన్ని నిషేధించిన మాట నిజం కాబట్టి ఈ కథ సులువుగా అమ్ముడుపోతుంది. కానీ వలయంలో అడ్డం నిలువు గీతలు సత్సుమాను ఏలిన షిమజు వంశపు చిహ్నం కూడా. నాలుగు వైపులా సమంగా కోసిన ఏ జాలీ నమూనా అయినా నడుమ శిలువలాగే కనిపిస్తుంది. వేరే ఆధారం లేకుండా ఆకారం ఒక్కటే చూసి ఎక్కువ ధర చెల్లించవద్దు.

అపోహ: త్సుబాల ఇనుము తెలంగాణ ఉక్కు.

వాస్తవం: నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారన్నది చరిత్ర. ఎచిజెన్ యసుత్సుగు వంటి జపాన్ కత్తి కమ్మరులు విదేశీ ఇనుము వాడామని అలుగుల మీద చెక్కుకున్నారు. ఈ రెండింటినీ కలిపి త్సుబాకు తెలుగు నేల పుట్టుక కట్టబెట్టడానికి ఆ చెక్కడం చాలదు, అది ఇనుము విదేశాల నుంచి వచ్చిందని మాత్రమే చెబుతుంది. పైగా వాదరకు కావలసినంత గట్టి ఉక్కు త్సుబాకు అవసరం లేదు.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే ఇక చూడవలసింది ఏమీ లేదు.

వాస్తవం: 1948లో ఏర్పడిన జపాన్ కళా ఖడ్గ పరిరక్షణ సంఘం ఇచ్చే హోజోన్, తొకుబెత్సు హోజోన్, జూయో పత్రాలకు మార్కెట్లో నమ్మకం ఉంది, ఉండాలి కూడా. 1982కు ముందు ఇచ్చిన పాత తరహా పత్రాలను మాత్రం సేకర్తలు అంత గట్టి ఆధారంగా తీసుకోరు. ఏ పత్రమైనా ఆనాటి పరిశీలకుల అభిప్రాయమే. పేరు లేని త్సుబాకు పత్రంలో ఓవారి అనో, కనయామా అనో, కత్తి కమ్మరి పని అనో రాసి ఉంటే, ఆ పేర్లు త్సుబా తయారైన కాలంలో ఎవరో నమోదు చేసుకున్న వివరాలు కావు. తర్వాతి పండితులు ఇనుము తీరును, అంచు తీరును, జాలీ గీతలను బట్టి ఏర్పరచిన వర్గాలు. అదే త్సుబా మరోసారి పరిశీలనకు వెళ్ళినప్పుడు వేరే వర్గం పేరుతో తిరిగివచ్చిన సందర్భాలు ఉన్నాయి. కొనే ముందు పత్రంలోని ఫొటోను త్సుబాతో పక్కపక్కన పెట్టి, రంధ్రం చుట్టూ ఉన్న ఉలి గాట్లను, రాగి ముక్కల ఆకారాన్ని, అంచు మీది లోపాలను ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. మంచి పత్రాన్ని అదే నమూనాలోని నాసిరకం త్సుబాతో జతచేసి అమ్మేవారు ఉన్నారు. రెండు త్సుబాల నమూనా ఎంత దగ్గరగా ఉన్నా ఆ గాట్లు మాత్రం కలవవు.