షిప్పింగ్ లాయర్ ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ముందు ఓడల్లో పనిచేసి ఉండాలి.

అలా వచ్చేవాళ్లు ఉన్నారు. కెప్టెన్లుగా చేసి, తర్వాత లా చదివి, ఓడలు ఢీకొన్న కేసులు, సాల్వేజ్ (ప్రమాదంలో ఉన్న ఓడను, సరుకును కాపాడటం) కేసులు చూస్తుంటారు. దీన్ని మావాళ్లు 'వెట్' పని అంటారు. కానీ ఎక్కువమందికి దొరికేది 'డ్రై' పనే: చార్టర్ పార్టీలు (ఓడను అద్దెకు తీసుకునే ఒప్పందాలు), బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో ఎక్కించిన సరుకుకు ఇచ్చే పత్రం) తగాదాలు, ఓడల అమ్మకాలు, వాటి మీద బ్యాంకు రుణాలు. దానికి కాంట్రాక్ట్ లా గట్టిగా వస్తే చాలు, సముద్రం చూడకపోయినా నడుస్తుంది.

అపోహ: రోజంతా సముద్రపు దొంగలు, మునిగిన ఓడలు.

జూనియర్ చేతికి తరచూ వచ్చేది డెమరేజ్ లెక్క. ఓడ రేవుకు చేరగానే కెప్టెన్ నోటీస్ ఆఫ్ రెడీనెస్, అంటే ఓడ సిద్ధంగా ఉందన్న నోటీసు, ఇస్తాడు. దాన్నిబట్టి సరుకు ఎక్కించడానికో దించడానికో ఒప్పుకున్న గడువు మొదలవుతుంది. అది దాటితే అద్దెకు తీసుకున్నవాళ్లు డెమరేజ్ కట్టాలి. రోజుకు 24,000 డాలర్లు అనుకుందాం. వాన పడిన ఆరు గంటలూ గడువులోంచి తీసేయమని వాళ్లంటారు. ఓడ లాగ్‌బుక్‌లో చూస్తే వాన రెండు గంటలే. తేడా నాలుగు గంటలు, అంటే 4,000 డాలర్లు. ఇంతకీ ఆ వాన గడువు అయిపోయాక పడిందా? అయితే ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప ఆ వాదనే నిలవదు. ఒకసారి డెమరేజ్ మొదలైతే ఆగదన్నది ఈ రంగంలో పాత సూత్రం. ఇలాంటి కాగితాలు చూడగానే విసుగొచ్చేవాళ్లకు ఈ ఉద్యోగం పడదు, ముందే చెబుతున్నా.

అపోహ: ఓడను అరెస్ట్ చేయడం సినిమా సీనులా ఉంటుంది.

యజమాని ఏ దేశంలో ఉన్నా, చాలాచోట్ల దావా నేరుగా ఓడ మీదే వేయొచ్చు. 1952 అరెస్ట్ కన్వెన్షన్ ప్రకారం అదే యజమానికి చెందిన మరో ఓడనైనా పట్టుకోవచ్చు. తీరా అరెస్ట్ అంటే చాలాసార్లు వీల్‌హౌస్ (ఓడను నడిపే గది) దగ్గర వారంట్ అంటించడమే. టెన్షనంతా దానికి ముందే. ఓడ లంగరెత్తేలోపు అఫిడవిట్ తయారవ్వాలి, కోర్టు ఉత్తర్వు చేతికి రావాలి. ఆ తర్వాత సాధారణంగా పీ అండ్ ఐ క్లబ్, అంటే ఓడ యజమానుల పరస్పర బీమా సంఘం, హామీ పత్రం ఇస్తుంది. ఓడ వెళ్లిపోతుంది, తగాదా మాత్రం నింపాదిగా సాగుతుంది. అదీ చార్టర్ తగాదా అయితే తరచూ లండన్ ఆర్బిట్రేషన్‌లోనే.

అపోహ: మన దేశ చట్టం తెలిస్తే సరిపోతుంది.

2021 మార్చిలో సూయజ్ కాలువలో ఇరుక్కున్న ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడనే తీసుకోండి. యజమాని జపాన్, నడిపించే కంపెనీ తైవాన్, జెండా పనామా, సిబ్బంది భారతీయులు, పట్టి ఉంచింది ఈజిప్ట్. మార్చి 29న ఒడ్డు నుంచి బయటపడ్డా, పరిహారం గొడవ తేలి కదిలింది జూలై 7న. యజమాని జనరల్ యావరేజ్, అంటే ఓడను, సరుకును కాపాడేందుకైన ఖర్చును అందరూ పంచుకునే పద్ధతి, ప్రకటించడంతో, చెక్కుచెదరని సరుకున్నవాళ్లూ ఖర్చులో వాటా భరించాల్సిన పరిస్థితి. ఇలాంటి ఫైలు ఒక్కరు చేయగలిగేది కాదు. ఏ రేవులో ఏ లాయరుకు ఫోన్ చేయాలో తెలిసి ఉండటం కూడా ఈ పనిలో భాగమే.

అపోహ: మారిటైమ్ ఎల్ఎల్ఎం లేకుండా అడుగుపెట్టలేం.

సౌతాంప్టన్, స్వాన్సీ, ఓస్లో, టులేన్ లాంటి చోట్ల మంచి కోర్సులున్నాయి, స్తోమత ఉంటే చదవండి. అప్పు చేసి మాత్రం వద్దంటాను. పీ అండ్ ఐ క్లబ్‌లో క్లెయిమ్స్ హ్యాండ్లర్‌గా (పరిహారం కేసులు చూసే ఉద్యోగిగా) చేరడం నా దృష్టిలో అంతకంటే మంచి దారి. తడిసిన సరుకు, గాయపడ్డ సిబ్బంది, చమురు లీకు, కస్టమ్స్ జరిమానా అన్నీ ఒకే టేబుల్ మీదికి వస్తాయి. ఏ కేసు పోరాడాలో, ఏది ఈ వారంలోనే రాజీ చేసుకోవాలో అక్కడే అలవడుతుంది.